రామానుజంగారి నెమళ్లు

దబీర్‌పురా,
ఫిబ్రవరి 1956

కోమలక్కకు గోద నమస్కారాలు.

అక్కా, మా ఆయన చిత్రకారుడయ్యారు. నవ్వకు. ఆయన ఆఫీసులో అందరూ అదే నమ్ముతున్నారు. ముగ్గులో చుక్క పెట్టమంటే గీత గీసే మనిషి!

తెల్లటి ల్యాంపుషేడ్లు తెచ్చుకుని, గుడ్డకు పల్చగా జిగురు పట్టించి, నెమళ్లూ తామరలూ వేయడం నాకెంత ఇష్టమో నీకు తెలుసు. పోయిన దసరాకు అలాంటిదొకటి ఈయన పెద్దాఫీసరు అమరనాథ్‌గారింటికి కానుకగా పట్టుకెళ్లారు. ఎవరు వేశారని వాళ్లావిడ అడిగితే ఈ మహానుభావుడు "నేనే" అన్నారట. పైగా ఇంటికొచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు నాతోనే చెప్పారు.

"నీ పేరు చెప్తే ఏమొస్తది గోదా? ఆడోళ్లు ఇంట్ల ఏదో ఒకటి జేస్తనే ఉంటరనుకుంటరు. నా పేరంటే నలుగుట్ల ఇజ్జత్ ఉంటది."

అప్పటినుంచి నేను వేసినవన్నీ ఆయన పేరనే ఆఫీసర్ల ఇళ్లకు చేరుతున్నాయి. పొద్దున ఆఫీసుకు బయల్దేరేముందు నా నీలిరంగు కాస్త తీసి గోళ్లకు పూసుకుంటారు, పనిచేసి వస్తున్నట్టు కనిపించాలని. చూస్తుంటే ఒళ్లు కంపరమెత్తుతుంది.

ఇప్పుడు అమరనాథ్‌గారి భార్య ఆదివారం సాయంత్రం టీకి నలుగురినీ పిలిచి, వాళ్ల ముందు ఈయన్ని నెమలి వేయమంది. మొహం పాలిపోయి ఇంటికొచ్చారు.

"జర నెమలి నేర్పియ్యి గోదా, నీకు దండం బెడ్త."

"ఇన్ని దినాల సంది మీరే ఏస్తున్నరు గదా. మీకు నేనేం నేర్పిస్త?" అన్నాను.

నన్నూ రమ్మన్నారు కాబట్టి వెళతాను. ఆయన పరువు పోవడం కళ్లారా చూస్తాను. అక్కడినుంచే నాంపల్లి వెళ్లి వరంగల్ బండెక్కుతాను. నీ ఇంట్లో నాకో మూల చూడు.

నీ చెల్లెలు
గోద

దబీర్‌పురా,
ఆ మరుసటి మంగళవారం

కోమలక్కా,

నేను రాలేదని కంగారుపడ్డావేమో. జరిగింది విను.

హాలు నిండా ఆఫీసర్లూ, వాళ్ల భార్యలూ. మధ్యలో మా ఆయన షేడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రంగు పచ్చడిలా మెత్తారు. మెడ కాకిది, ఒళ్లు కోడిది. నాకెంత హాయిగా ఉందో! అమరనాథ్‌గారి భార్య దాన్ని దీపానికి తగిలించి మీట నొక్కింది. అంత మందపు రంగులోంచి వెలుగు వస్తుందా? గుడ్డ మీద నల్లటి ముద్ద ఒకటి మిగిలింది. ఇక అందరూ పగలబడి నవ్వుతారని కాచుకుని కూర్చున్నాను.

"వాహ్ రామానుజంగారూ! క్యా హాథ్ హై! ఏం పనితనం!" అందావిడ. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన ఇది కొత్త పద్ధతి అన్నాడు. ఇంకొకావిడ, తమ ఇంట్లో ఉన్నదానికంటే ఇదే బాగుందంది. వాళ్లింట్లో ఉన్నది నేను వేసిందే. ఈ హాల్లోనూ నా నెమలి ఓ మూల, గోడవైపు తిప్పి ఉంది. నేను దానివైపు చూడటం మా ఆయన గమనించారు. ఉన్నట్టుండి లేచారు.

"మాఫ్ జెయ్యిండ్రి అమ్మా. గిది నెమలి గాదు. మీకిచ్చినయన్నీ నా భార్య ఏసినయి. నాకు బ్రష్ పట్టుడు గూడ రాదు."

 అమరనాథ్‌గారి భార్య నవ్వేసింది. "ఎంత వినయం! తన పేరు భార్యకు కట్టబెడుతున్నారు!" అంటూ నా బుగ్గ తట్టి, "ఆయన బ్రష్షులు నువ్వే కడుగుతావా?" అని అడిగింది.

"లేదమ్మా, ఆయనే కడుగుతరు," అన్నాను. అదీ హాస్యమే అనుకున్నారు.

 రిక్షాలో ఆయన, "గంత మందిల ఒక్కనికి గూడ తెల్వలే గోదా, గది నెమలి గాదని," అన్నారు.  ఇన్నాళ్లూ నా అసహ్యమంతా ఈ ఒక్కడికే దాచాను. ఆ హాలు మొత్తానికి పంచాక, ఈయన వాటా కాస్త తగ్గింది. తగ్గిందన్నానే కానీ, తీరిందనలేదు.

దీపాలమ్మే కైలాసంగారితో నిన్న నేనే మాట్లాడాను. ఇకమీదట ప్రతి షేడు అంచునా 'గోద' అని నా చేత్తోనే రాసి ఇస్తాను. ఆఫీసరమ్మకు కావాలంటే ఆ కొట్టుకే వెళుతుంది.

ఇప్పుడు మా ఆయన పెరట్లో నా బ్రష్షులు కడుగుతున్నారు. సరిగ్గా కడగలేదు. మళ్లీ కడగమన్నాను.

గోద