కల్లుపట్టి దాటినాక నిలిచిన బండి

12 జూలై 2025, శనివారం

గురువారం నా మనవరాలు శరణ్యను మదురై ఆస్పత్రికి తీసుకొనిపోతా ఉంటే, కల్లుపట్టి దాటినాక బండి నిలిచిపోయింది. రెండు రోజులుగా ఇంట్లో తలా ఒక కథ చెప్తున్నారు. పొద్దున చెప్పింది సాయంత్రానికి పెరిగిపోతా ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

శరణ్యకు ఏడో నెల. మధ్యాహ్నం రక్తం కనిపించింది. ఆంబులన్స్ పిలుద్దాం అవ్వా అన్నది. ఇంట్లో ఇంత బండి పెట్టుకొని ఎవడి బండి కోసమో కాచుకోవడం ఎందుకు అన్నాను. ఆమె మొగుడు కార్తిక్ పని మీద తిరుప్పూరులో ఉన్నాడు. డ్రైవర్ ముత్తురాజ్ బండి తీసినాడు.

అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. కరెంటుతో పోతుంది. ఛార్జ్ అయిపోతే పెట్రోల్ ఎంజిన్ అందుకోవాల. అందుకోలేదు. తిరిగే చప్పుడు వినిపించింది, పట్టుకోలేదు. మళ్లీ తిరిగింది, పట్టుకోలేదు. స్క్రీన్ మీద ఎర్రగా ఏదో వచ్చింది, అంతా ఆగిపోయింది. ఏసీ కూడా. శరణ్య నా చెయ్యి పట్టుకొని ఉన్నది.

అప్పుడు ఆంబులన్స్‌కు ఫోన్ చేసినాము. అది రాకముందే, సత్రపట్టి నుండి బ్యాండేజ్ గుడ్డ ఎక్కించుకొని పోయే వ్యాన్ ఒకటి ఆగింది. ఆ గుడ్డ చుట్టల మీదే ఆమెను పడుకోబెట్టినాము. అప్పటికి ముప్పావు గంట రోడ్డు మీద పోయింది.

మగబిడ్డ. మిషన్ పెట్టి ఊపిరి ఇస్తున్నారు. డాక్టరమ్మ, ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా మొగం చూసి ఆపేసింది.

13 జూలై, ఆదివారం

కార్తిక్ వాకిట్లో నిలబడి ముత్తురాజ్‌ను నానా మాటలు అన్నాడు. పెట్రోల్ తీసి అమ్ముకున్నావా, కల్తీది పోయించినావా అని అరిచినాడు. ముత్తురాజ్, ఈ బండికి పెట్రోల్ పోయించిన పాపాన నేను పోలేదన్నా, మన బండి కూడా పెద్దమ్మ మాదిరి ఉపవాసమే కదా అన్నాడు. పెద్దమ్మ అంటే నేనే; నవ్వించాలని ఎప్పుడూ అనే మాటే. ఇవాళ ఎవరూ నవ్వలేదు. తాళంచెవి తిన్నె మీద పెట్టి వెళ్లిపోయినాడు.

నేను అడ్డం చెప్పలేదు. నాకూ పెట్రోల్ మీదే అనుమానం.

నా వైపు తప్పు లేదు. మా మిల్లులో కరెంటు పోయినా పోకపోయినా ప్రతి శనివారం జనరేటర్ నడిపి చూస్తారు. నిలిచిన మిషన్ చచ్చిన మిషన్ అని మా ఆయన చెప్పేవాడు. ఆయన పోయినాక ఈ బండికీ అదే పద్ధతి పెట్టినాను. లోపల కూర్చుంటాను, బటన్ నొక్కుతాను, పచ్చగా రెడీ అని వస్తుంది. పది నిమిషాలు ఉంచి ఆపుతాను. ఒక్క వారం తప్పలేదు.

14 జూలై, సోమవారం

అద్దం అవతల నుండి బిడ్డను చూసినాను. టోపీ మొగమంత పెద్దదిగా ఉంది. శరణ్య గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నది. కాఫీ తెచ్చినాను అంటే, అక్కడ పెట్టు అవ్వా అన్నది. తాగలేదు.

బండిని లారీ మీద ఎక్కించి మదురై షోరూముకు చేర్చినారు. కళైసెల్వి అనే ఇంజనీర్ చూస్తున్నది. చిన్న బ్యాటరీ బాగుందట. ఫ్యూజులు బాగున్నాయట. అన్నీ బాగుంటే నా మనవరాలు రోడ్డు మీద ఎందుకు ఉండిపోయింది అని అడిగినాను. రేపు పెట్రోల్ చూస్తాను మేడం అన్నది.

15 జూలై

బిడ్డకు ఈ రోజు కొంచెం నయం అన్నారు. నమ్మడానికి భయంగా ఉంది.

16 జూలై, బుధవారం

కళైసెల్వి ట్యాంకులోని పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టి తెచ్చి చూపించింది. కషాయం రంగు. వార్నిష్ వాసన. ఇది ఎప్పుడు పోయించినారు మేడం అని అడిగింది. బండి కొన్న వారం మా ఆయన నింపించినాడు, రెండేళ్లయింది అన్నాను. ఊళ్లోకి, సేత్తూరు తోటకు, మంసాపురానికి మా మిద్దె మీది సోలార్ కరెంటే చాలు అన్నాను. కొంచెం గర్వంగానే చెప్పినాను.

మధ్యలో ఎంజిన్ నడిపినారా అని అడిగింది. ప్రతి శనివారం అన్నాను. ఆమె లాప్‌టాప్ చూసింది. నన్ను చూసింది. మేడం అనేది వదిలేసి, అరవంలో అవ్వా అన్నట్టు పాట్టీ అని పిలిచింది. ఛార్జ్ ఉంటే ఆ బటన్‌కు ఎంజిన్ స్టార్ట్ కాదు పాట్టీ, రెడీ అంటే బండి కదలడానికి సిద్ధం అని మాత్రమే అన్నది. నేను శుక్రవారమే ఛార్జ్ నిండా పెట్టించేదాన్ని.

ఆయన పోయినప్పటి నుండి ఆ ఎంజిన్ ఒక్కసారి కూడా నడవలేదు. పెట్రోల్ చెడి, జిగురై, దాన్ని చిమ్మే ఇంజెక్టర్లు మూసుకొన్నాయి.

జనరేటర్ నడిస్తే కిటికీలు అదురుతాయి. ఈ బండిలో చప్పుడే లేదు. లేదని నేనే మెచ్చుకొన్నాను. ఖరీదైన బండి చప్పుడు చెయ్యదు అని వచ్చినవాళ్లకు చెప్పినాను. బి.ఎస్సి. ఫిజిక్స్ చదివినదాన్ని. మాన్యువల్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా చించలేదు.

రిపోర్టులో పెట్రోల్ పాతది అని మాత్రం రాస్తుందట. శనివారం సంగతి రాయదట. దానికి ఫారంలో గడి లేదు పాట్టీ అన్నది. నా చెయ్యి తట్టింది. నేను చెయ్యి వెనక్కి తీసుకొన్నాను.

17 జూలై

బిడ్డ పోయినాడు. ఇంకా పేరు పెట్టలేదు.

18 జూలై, శుక్రవారం

శరణ్యను ఇంటికి తెచ్చినాము.

ఇన్ని లక్షల బండికి, నా పెట్రోల్ పాతబడింది అని చెప్పడానికి నోరు లేదా అని కార్తిక్ అంటున్నాడు. కంపెనీ మీద కేసు వేస్తాడట. సోమవారం వకీలు దగ్గరికి పోతాడు. బండి చూసుకొనేవాడు డ్రైవరే కదా, వాడికైనా తెలియాల అని పక్కింటివాళ్లు. అవ్వ పాపం, బండిని బిడ్డ మాదిరి చూసుకొన్నది అని కూడా అన్నారు. నేను అక్కడే ఉన్నాను. తల ఊపినాను.

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఈ మాట ఒక్క కొట్టివేత లేకుండా రాసినాను. అది చూసే నాకు భయం వేసింది.

19 జూలై

1. ముత్తురాజ్ ఇంటికి నేనే పోవాల. ఎవరినీ పంపకూడదు.

2. సోమవారం లోపల కార్తిక్‌కు శనివారం సంగతి చెప్పాల.

3. శరణ్యకు పాలు పడినాయి. పాలు ఎండిపోవడానికి రొమ్ముకు కట్టే మల్లెపూలు కావాల. పూలామెకు పొద్దున్నే చెప్పాల. మొగ్గలు వద్దు, విచ్చినవి.

4. కట్టే ముందే శరణ్యకూ ఆ సంగతి చెప్పాల. కట్టినాక కాదు.

5. నా చేత కట్టించుకోను అంటే, పూలు మంచం మీద పెట్టి బయటికి రావాల.