వెనక సీటు కొలత

పాతపాళ్య,
బహుధాన్య సంవత్సరం, కార్తీక శుద్ధ దశమి.

చి. సౌ. జలజకు నాన్న ఆశీర్వదించి వ్రాసేది.

ఇక్కడ నేను, మీ పంకజత్త, రెండు ఆవులు, ఒక మోటారు కారు క్షేమంగా ఉన్నాం. కారుకు మాత్రం వెనక కాలికి కట్టు కట్టి ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను. మీ మలెనాడులో వానలు వెనకపట్టాయనీ, అల్లుడు రామప్రసాద్‌కు చలిజ్వరం తగ్గి మళ్ళీ అడవి ఆఫీసుకు పోతున్నాడనీ తెలిసి మనసు కుదుటపడింది. నువ్వు కాచిన నీళ్ళే తాగుతున్నట్టు వ్రాయలేదు. వ్రాయి.

నీ కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. కారు కొన్నమాట నిజమేనా? పాతబండిని నమ్మవచ్చునా? చెడితే బాగుచేయించే ఖర్చు మాటేమిటి? ఇంట్లో ఇద్దరుంటే ఏడుగురు పట్టే కారు ఎందుకు? ఇరవై ఎనిమిదేళ్ళు హెడ్మాస్టరుగా ఉన్నవాణ్ణి కనుక వరసగా జవాబిస్తాను. నాలుగోదానికి మాత్రం చివర.

మీ అత్తగారిది ఐదో ప్రశ్న. తొలికాన్పుకు పుట్టింటికి పంపడం ఆచారమేననీ, అయితే తల్లి లేని ఇంటికి, డాక్టరు లేని ఊరికి ఎట్లా పంపేదనీ, వేళగాని వేళ నొప్పులొస్తే ఏం చేస్తారనీ అడిగారట. ఆవిడ అడిగింది సబబు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే అనుకో.

కారు చింతామణి శ్రీనివాసప్పది. వేరుశనగ నూనె వ్యాపారం చేస్తాడు. గనుల దొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడు. పదేళ్ళ బండి. నల్లరంగు, తోలు సీట్లు, కిటికీలకు పట్టు తెరలు. వెనక కూర్చున్నవాళ్ళు డ్రైవరుతో మాట్లాడడానికి ఒక గొట్టం కూడా ఉంది. శ్రీనివాసప్ప రెండేళ్ళు పెళ్ళిళ్ళకు ఎక్కి తిరిగాడు. గాలన్‌కు తొమ్మిది మైళ్ళే వస్తుందని తెలిశాక పెళ్ళిళ్ళకు నడిచిపోవడం మొదలుపెట్టాడు.

నాకు కొనడం చేతగాదు. ఇన్నేళ్ళలో నేను బేరమాడి కొన్నవి గొడుగులు మాత్రమే. అందుకని బైరప్పను వెంటబెట్టుకుపోయాను. నీ పెళ్ళికి బండ్లు కట్టించిన ఎద్దుల దళారి బైరప్పే. బస్సులు బాగుచేసే ముత్యాలప్పను కూడా అక్కడికి రమ్మన్నాను.

బైరప్ప కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ముందు చక్రం పైరేకు మీద సొట్ట కనబడితే ఆగాడు.

"దీనికి సుడి ఉండాదప్పా. యజమానికి అచ్చిరాదు."

"సుడి యాడిది? ఎనుము కొట్టిన సొట్ట అది" అన్నాడు శ్రీనివాసప్ప.

"ఎదురుగా ఎనుము వస్తే పక్కకు తొలిగే తెలివి లేదా దీనికి? మా ఎద్దయితే తొలుగుతుంది. సరే, నోరు తెరిపించు, పండ్లు చూస్తా."

ముత్యాలప్ప ఇంజను మీది రేకు ఎత్తి, స్టార్టు చేసి, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఇంజను రాయి మాదిరి ఉండాది, అయ్యవారూ. దొర బాగా చూసుకున్నాడు. ఇది నిలిస్తే నీళ్ళు లేక నిలవాల, గాలి లేక నిలవాల. రోగమొచ్చి నిలిచేది కాదు. అయితే ఏదన్నా పోయిందంటే సామాను బెంగుళూరు నుంచి రావాల. ఎనిమిది దినాలు. దొడ్డబండికి ఖర్చు కూడా దొడ్డదే. నా మాట వినండి, చిన్నబండి చూస్తాను. సైకిలు మాదిరి బాగుచేసిస్తా."

"పెద్దదే కావాలి" అన్నాను.

"ఇంట్లో ఎంతమందుండారు?"

"ఇద్దరం."

ముత్యాలప్ప నన్నొకసారి చూసి చేతులు తుడుచుకున్నాడు. వాళ్ళు మాటల్లో ఉండగా నేను జేబులోంచి టేపు తీసి వెనక సీటు కొలిచాను. నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు.

"ఏం కొలుస్తాండారు అయ్యవారూ?" అన్నాడు బైరప్ప.

"ఏమీ లేదు. సరిపోతుంది" అన్నాను.

ఇంక డబ్బు ఇచ్చి తెచ్చుకుందామంటే బైరప్ప ఒప్పుకోలేదు. ఎద్దును కట్టి చూడకుండా కొనడం వాళ్ళ ఇంటావంటా లేదట.

"మోటారును కట్టి చూసేదేందప్పా! గడ్డి వేస్తావా?" అన్నాడు శ్రీనివాసప్ప.

"గడ్డి తినేదయితే నువ్వెందుకు అమ్ముతావు? పెట్రోలు నువ్వు పొయ్యి, మేము చూస్తాం."

నేను కాఫీ తాగి వచ్చేలోపల బైరప్ప తన పరీక్షకు ఏర్పాటు చేసేశాడు. కొనబోయే ఎద్దును బరువుబండికి కడతారు కదా, లాగితే ఎద్దు, లాగకపోతే మాంసం. అదే పద్ధతిన దొరగారి తోలుసీట్ల మీదా, కాళ్ళ దగ్గరా ఎనిమిది బస్తాల వేరుశనగ వేయించాడు. పట్టుతెరల వెనక బస్తాలు పెళ్ళికూతుళ్ళలాగా కూర్చున్నాయి. ముత్యాలప్ప తల పట్టుకున్నాడు. చదువుకున్నవాణ్ణి, నేను ఆపవలసింది. కానీ బైరప్ప తర్కంలో నాకు తప్పు కనబడలేదు.

బట్లహళ్ళి దాకా బాగానే లాగింది. అక్కడ వంకలో దిగగానే తుపాకి పేలినట్టు చప్పుడైంది. వెనక కుడివైపు స్ప్రింగు విరిగింది. బస్తాలు గట్టు మీదికి మోసి, ఆ ఊరి కొండప్ప ఎడ్లను కట్టి కారును బయటికి లాగించాం. బైరప్పకు సిగ్గన్నది లేదు. ఎడ్ల వీపు నిమురుతూ, "చూస్తిరా అయ్యవారూ, వీటికి సామాను బెంగుళూరు నుంచి రావాల్నా?" అన్నాడు.

మేం తిరిగి చింతామణి చేరాక శ్రీనివాసప్ప సంగతి విని సంతోషంతో మజ్జిగ ఇప్పించాడు. "విరిచింది మీరు. ఇంక అది మీ ఇంటి బిడ్డ."

"కాళ్ళల్లో సత్తువ లేనిదాన్ని మాకు అంటగడతాండావు. ఇట్లా రా" అని బైరప్ప తన తువ్వాల శ్రీనివాసప్ప చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకున్నాడు. ఎద్దుల బేరం అట్లాగే కదా. శ్రీనివాసప్ప మొహం ఎర్రబడింది, తెల్లబడింది, చివరికి నవ్వింది. ధర ఎంతో నీకు వ్రాయను. తువ్వాల కింది మాట బయటపెట్టకూడదని బైరప్ప నియమం. నీ పెళ్ళి ఖర్చుకన్నా తక్కువ, నా గొడుగులన్నిటికన్నా ఎక్కువ.

విరిగిన స్ప్రింగుకు మన కమ్మరి బండి కమ్ముల ఇనుముతో ఒక పట్టీ కొట్టి ఇచ్చాడు. దానిమీద ముత్యాలప్ప తోలువారు బిగించాడు. బెంగుళూరు సామాను వచ్చేదాకా అదే కట్టు. రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ జవాబు వచ్చిందనుకుంటాను. మామూలుగా నడిపితే నమ్మవచ్చు. బైరప్పను ఎక్కించకపోతే ఖర్చు తక్కువ.

నడపడం నేనే నేర్చుకున్నాను. మీ పంకజత్త వెనక కూర్చుని గొట్టంలో అరుస్తుంది. "ఒరే గుండూ, ఎనుము వస్తాండాది, నిలుపురా!" ఆ ఎనుము ఇంకా అర మైలు దూరంలో ఉంటుంది. నీ కాన్పుకు ఐదు నెలలు ఉండిపోతానని మూట కట్టుకుని వచ్చింది. పథ్యం కారాలు ఇప్పటి నుంచే దంచుతోంది. ఇల్లంతా శొంఠి వాసన.

ఇక నాలుగో ప్రశ్న.

మూడేళ్ళ కిందటి ఆ దినం సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. తెల్లవారి మీ అమ్మకు కడుపునొప్పి ఎక్కువైందనీ, ఎడ్లబండిలో చింతామణికి తీసుకుపోయాననీ, ఆస్పత్రి చేరేసరికి సాయంత్రమైందనీ చెప్పాను. అది నిజమే. కానీ ఆ రోజు ఊళ్ళో ఒక కారు ఉంది. శిస్తు లెక్కలు చూసే జమాబందికి వచ్చిన తాలూకా అమల్దారుగారిది. ఆయన స్వయంగా మన వాకిట్లోకి వచ్చి, తన కారులో తీసుకుపొమ్మన్నారు. చిన్న కారు. అందులో మీ అమ్మ కూర్చోవాలే తప్ప పడుకోవడానికి వీల్లేదు. పైగా ముందురోజు దారిలో రెండుసార్లు నిలిచిపోతే జనం తోసుకొచ్చారని విన్నాను. నేను తూచి చూశాను. కారు నడిమధ్య నిలిస్తే దిక్కులేదు, ఎడ్లు నిలవవు. "బండే నమ్మకం" అన్నాను. మీ అమ్మ, "మీకెట్లా తోస్తే అట్లా" అంది.

ఎడ్లు ఎక్కడా నిలవలేదు. అమల్దారుగారు ఆ మధ్యాహ్నమే బయలుదేరి, మమ్మల్ని దారిలో దాటుకుని, చింతామణికి ముందు చేరారు. ఆయన కారు కూడా ఎక్కడా నిలవలేదు. డాక్టరు నాతో ఒక మాట అన్నాడు. అది వ్రాయను.

"అంతసేపు ఎందుకైంది నాన్నా?" అని నువ్వు అడిగావు. "ఎడ్లు కదమ్మా" అన్నాను. వాటి తప్పేమీ లేదు.

ఈ ఉత్తరం మీ అత్తగారికి చూపించు. పైన వ్రాసినది కూడా. కోడలిని ఎటువంటివాడి చేతికి పంపుతున్నారో ఆవిడకు తెలియాలి. వద్దంటే నొచ్చుకోను. పంకజత్తనూ శొంఠినీ రైల్లో మీ దగ్గరకే తీసుకువస్తాను.

పంపుతామంటే మార్గశిరంలో మంచిరోజు చూడమను. చింతామణి స్టేషనుకు కారు తెస్తాను. బస్తాలు లేకుండా, ఇక్కడి నుంచి ఆస్పత్రి గుమ్మానికి నాలుగుసార్లు నడిపి చూశాను. గంటా నలభై నిమిషాలు. అంతకు మించలేదు. నీకు నెలలు నిండే మాఘమంతా బట్లహళ్ళిలో కొండప్ప, కెంచార్లహళ్ళిలో ఆంజనప్ప చెరొక జత ఎడ్లను రోడ్డుపక్కనే కట్టి ఉంచుతామన్నారు. కారు నిలిస్తే తాడు వేసి లాగుతారు. ఇది బైరప్ప ఏర్పాటే.

"ఎడ్లు కూడా నిలిస్తే?" అని అడిగాను.

"నేనుండాను గదా అయ్యవారూ. బిడ్డను మంచంతో ఎత్తుకుపోతా. నాకు సామాను యాడి నుంచీ రావాల్సిన పని లేదు."

కారా, ఎడ్లా అని ఈసారి తూచలేదు.

ఒక్క పొరపాటు జరిగింది. నీ ఎత్తు ఏటేటా గీసిన వాకిలి కంబానికి, నువ్వు బలవంతపెడితే మీ అమ్మ కూడా ఒకసారి ఆనుకుని నిలబడింది, జ్ఞాపకముందా? ఆ గీత నాలుగడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఉంది. చింతామణిలో నేను సీటు కొలిచింది దానికి. నీ గీత ఐదంగుళాలు పైన ఉందని కారు ఇంటికి తెచ్చాక చూశాను.

కాళ్ళు కాస్త ముడుచుకోవాలమ్మా.

ఇట్లు,
నీ రాక కోసం టైర్లకు గాలి కొట్టిస్తున్న
నాన్న
గుండూరావు