అక్క అన్న మాటకు అనువాదం

వీసా అధికారి గారికి,

నేను మీ కార్యాలయం ఎదుటి వీధిలో కాగితాలు అనువదించేవాణ్ణి. పోయిన నెల మీరు తిరస్కరించిన దర్జీ ఆవిడ పత్రాలు నేను రాసినవే.

విదేశంలో ఆస్పత్రి పాలైన అక్కను చూడాలని ఆవిడ దరఖాస్తు పెట్టుకుంది. ఆ అక్క ఆవిడ పెద్దమ్మ కూతురు. మా ఇళ్ళలో పెద్దమ్మ కూతుర్నీ అక్క అనే పిలుస్తాం. నేను ఒక కాగితంలో తోబుట్టువనీ, ఇంకోదాంట్లో పెద్దమ్మ కూతురనీ రాసి, సరిచూసుకోకుండా ఇచ్చేశాను. ఆవిడ అబద్ధమాడిందని మీరు ముద్ర వేశారు.

నిన్న ఆవిడ వచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

"అక్క పోయిందండీ. పక్కన మన మనిషి ఒక్కరూ లేరు," అంది.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. తండ్రి లేడు. ఇప్పుడు అక్కడ పక్కింటివాళ్ళు చూసుకుంటున్నారు. ఆ పిల్లను తెచ్చుకోవడానికి ఆవిడ సోమవారం మళ్ళీ మీ దగ్గరికి వస్తుంది. "ఆ ముద్ర ఉంటే ఇక ఎప్పటికీ ఇవ్వరటగా?" అని అడిగింది. ఆవిడ వెళ్ళగానే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

తప్పు నాదేనని ఒప్పుకుంటూ సంతకం చేస్తున్నాను. నా అనువాద అనుమతి పత్రం కూడా జతచేశాను, రద్దు చేయించండి. ఆ పిల్లకు మాత్రం పిన్నిని దూరం చేయకండి.

ఇట్లు,
అనువాదకుడు