తొమ్మిది కమానుల ఇల్లు

విజయవాడ, 5 జూన్ 1999

శ్రీమతి సాజిదా గారికి,

నమస్కారం. బందరులోని మీ తొమ్మిది కమానుల ఇంటిని రక్షిత కట్టడంగా ప్రతిపాదించాం. నిర్ణయం వెలువడేవరకు కమానుల కింద ఉన్నదేదీ కదల్చరాదు.

ఇట్లు,
వెంకటసుబ్బారావు,
పాత కట్టడాల సర్వే అధికారి

తా.క.: ఫొటో తీయడానికొచ్చి అరగంట నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇది ఆఫీసు మాట కాదు.

బందరు, 12 జూన్

ఆఫీసరు గారికి సలాములు.

ఇల్లు పడగొట్టి షాపులు కడదామని మా బావగారు జాకీర్ గారు హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చారండి. సగం వాటా ఆయనదే. నాకిష్టం లేదు గానీ పెద్దాయనకు ఎదురు చెప్పలేకపోయాను. సొలొమోను మేస్త్రి గునపాలు కూడా దించాడు. ఇంతలో మీ ఉత్తరం! రెండు రోజులని వచ్చిన బావగారు మూడో కమాను కింద మంచం వేసుకుని, ‘ఏదీ కదల్చరాదని గవర్నమెంటే రాసింది. నన్నెట్టా కదుపుతావమ్మా?’ అంటున్నారు.

విధేయురాలు,
సాజిదా

తా.క.: టీ కూడా మంచం దగ్గరికే తెమ్మంటున్నారు.

విజయవాడ, 21 జూన్

సాజిదా గారికి,

కదల్చరానివి గోడలు, స్తంభాలు, కమానులు మాత్రమే. ఇంకో సంగతి. ‘ఇల్లు అద్భుతం’ అని రాస్తే పైవాళ్లు తిప్పి పంపారు. నెలలోగా తగిన ఆధారం చూపకపోతే జాబితాలోంచి తీసేస్తారు.

వెంకటసుబ్బారావు

తా.క.: టీ తాగేవాటికి మా నిబంధనలు వర్తించవు.

బందరు, 2 జూలై

ఆఫీసరు గారికి,

మొన్నటి వానకి వీధిలో అరుగులన్నీ తడిశాయి. బావగారి మంచం మీద చినుకు పడలేదు. సాయంత్రం ఎండ కమాను తర్వాత కమాను దాటి వస్తుంటే లేచి కూర్చుని చూస్తున్నారు. షాపుల మాటెత్తడం లేదు.

సాజిదా

తా.క.: మీరు అడిగిన ఆధారం పెట్టించాం. మూడో కమానుకు రెండు తాటి దుంగలు ఆనించాం.

విజయవాడ, 9 జూలై

అమ్మా,

ఆధారమంటే సాక్ష్యం! దుంగలు తక్షణం తీయించండి.

వెంకటసుబ్బారావు

తా.క.: మెల్లగా తీయించండి.

బందరు, 17 జూలై

ఆఫీసరు గారికి,

వెంటనే రండి. దుంగలు తీస్తుంటే కమాను లోపలివైపు సున్నం పొర ఊడింది. దాని కింద, పాత గచ్చులో, అరచేతి అచ్చు ఉందండి. చిన్న చెయ్యి. మణికట్టు దగ్గర మూడు గాజుల గీతలు. గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఆడమనిషి నొక్కింది. సొలొమోను చెప్పులు విడిచి మళ్లీ నిచ్చెనెక్కాడు. ‘సున్నం అందించిన కూలిమనిషి అయ్యుంటుందమ్మా’ అన్నాడు.

బావగారు మంచం దిగి వచ్చి అచ్చు కిందే నిలబడి చూశారు. తర్వాత, ‘కట్టిన మనిషి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంక నేను గునపం ఎట్టా వేయించను?’ అని షాపుల ప్లాను చించేశారు.

నేనూ ఎక్కి నా చెయ్యి ఆనించి చూశాను. సరిగ్గా సరిపోయింది.

సాజిదా

తా.క.: పొద్దుట్నుంచీ వీధి వీధంతా వచ్చి తలెత్తి చూస్తున్నారు. ఎవరూ పలకడం లేదు. పుట్టి బుద్ధెరిగాక నోరు మూయని మా పక్కింటి దానమ్మ కూడా.