పోశెట్టి జ్వరం, శకుంతల పరీక్ష

నాందేడు,
సోమవారం సాయంత్రం

అక్కకు, నీ చెల్లెలు వసుంధర నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నేను రాసిచ్చిన మాత్రలు వేసుకుంటున్నారా, పక్కింటావిడ చెప్పిన నూనెతోనే సరిపెడుతున్నారా? నా మాట వినరని తెలుసు. అయినా అడిగానని చెప్పు.

నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయలేదని కోపం వచ్చే ఉంటుంది. రాద్దామని కూర్చుంటే మంచి మాట ఒక్కటీ దొరకలేదు. ఇవాళ కూడా దొరకలేదు. కానీ నీతో కాక ఎవరితో చెప్పుకోను?

నా గురించి బెంగ పెట్టుకోకు, తిండికి లోటు లేదు. ఇంటివాళ్లు తరాలుగా ఇక్కడ ఉంటున్న తెలుగువాళ్లే. ఇంటావిడ కమలమ్మగారు నాతో తెలుగు, కూరగాయలవాడితో మరాఠీ, కోపం వస్తే ఉర్దూ మాట్లాడుతుంది. జొన్నరొట్టె అలవాటైంది. ఒకటి తిని లేస్తే ఊరుకోదు. "గింతనే తింటే ఎట్ల బతుకుతవమ్మా? దవాఖానల అందరికీ నువ్వు చెప్తవు, నీకెవరు చెప్పాలె?" అంటూ ఇంకొకటి వేస్తుంది. ఎండలు ముదిరాయి. పొద్దువాలాక గోదావరి ఒడ్డుకు వెళ్లినా గాలి వేడిగానే కొడుతోంది. ఆదివారాలు గడవవు. ఆసుపత్రికి వెళ్లే రోజులే నయమనుకునేదాన్ని. ఇప్పుడు అదీ అనుకోలేకపోతున్నాను.

నువ్వు బళ్లో పరీక్షలు పెడతావు కదా, మా పరీక్ష ఎలా ఉంటుందో విను. డాక్టరీ చివరి ఏడాది పిల్లలకు ఒక్కొక్కరికి ఒక రోగిని ఇస్తారు. అతనితో మాట్లాడి, ఒళ్లంతా చూసి, రోగమేమిటో బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడికి చెప్పాలి. వినడానికి ఎంత బాగుందో! జరిగేది వేరు. గుండెలో జబ్బు చప్పుడు స్పష్టంగా వినిపించే పాత రోగులు కొందరుంటారు. పరీక్షలు వస్తున్నాయంటే వార్డు నుంచి వాళ్లకు కబురు వెళ్తుంది. వచ్చి మంచాలెక్కుతారు. ఏళ్ల తరబడి డాక్టర్ల నోట వినీ వినీ, తమ రోగం పేరు ఇంగ్లీషులో వాళ్లకే వచ్చేసింది. పిల్లలు చెవిలో అడుగుతారు, వాళ్లు చెవిలో చెబుతారు. ఇది అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనరు.

అలాంటివాళ్లలో పోశెట్టి అందరికంటే పాతవాడు. నాయ్‌గావ్ దగ్గర ఒక పల్లెలో సేద్యం. తెలుగు మాట్లాడే మనిషి కనుక నాకు బాగా దగ్గరయ్యాడు. "ఎంతమంది డాక్టర్లను పాస్ చేసిన్నో తెలుసా అమ్మా? అందరూ నా పిల్లలే" అని మీసం దువ్వుకునేవాడు.

ఈ పద్ధతి మార్చాలని వచ్చిన కొత్తలోనే మా విభాగం పెద్దసారుతో చెప్పాను. కొత్త రోగులను ఇద్దాం, రోగం పేరుకు కాకుండా రోగిని చూసిన తీరుకు మార్కులు వేద్దాం అన్నాను. ఆయన చెడ్డవాడు కాడు. నవ్వి, ఇక్కడివాళ్లు మేడమ్‌లను పిలిచే తీరులో, "బాయీ, చప్పుడు బాగా వినపడాలి, రోగి గొడవ చేయకూడదు, పిల్లలు పాస్ కావాలి. ఇంకేం కావాలి?" అన్నారు. సరే, పరీక్ష నా చేతిలో లేకపోయినా పాఠం ఉంది కదా అనుకున్నాను. సాయంత్రాలు వార్డులో పిల్లలను పోగుచేసేదాన్ని. స్టెతస్కోపులు జేబుల్లో పెట్టించి, ముందు రోగి చెయ్యి పట్టుకోమనేదాన్ని. కాగితంలో ఏం రాసి ఉన్నా మీకు కనపడిందే చెప్పండి అని పోరేదాన్ని. మొదట్లో చాలామంది వచ్చారు. పరీక్షకు పనికిరాదని తెలిశాక ఒక్కొక్కరే మానేశారు. చివరికి శకుంతల ఒక్కతే మిగిలింది.

శకుంతలది కిన్వట్ వైపు సర్ఖని అనే ఊరు. తెలుగు రైతు కుటుంబం. ఇంట్లో కాలేజీ ముఖం చూసిన మొదటి మనిషి. ఎక్కువ మాట్లాడదు కానీ చూడటం తెలిసిన పిల్ల. పెద్దదాన్నై మంచం పడితే ఈ పిల్లనే పిలిపించుకోవాలని అనుకునేదాన్ని.

చలికాలంలో జరిగిన పరీక్షలో ఆమెకు పోశెట్టి మంచం వచ్చింది. అందరూ అదృష్టమన్నారు. ఆమె నేను చెప్పినట్టే ముందు చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది. గోళ్ల కింద సన్నని నెత్తుటి చారలున్నాయి. జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, "జరం గిరం ఏం లేదు బిడ్డా. ఫికర్ చెయ్యకు, నేను చెప్పినట్ల రాయి" అన్నాడట. ఆమె తనకు తెలిసిందే రాసింది. పాత గుండెజబ్బుకు కొత్తగా ఇన్‌ఫెక్షన్ తోడైంది, ఇవాళే మందు మొదలుపెట్టాలి అని రాసింది. పరీక్షకుడు వార్డు కాగితం చూశాడు. అందులో ఎప్పటివో పాత వివరాలే ఎక్కించి ఉన్నాయి, జ్వరం మాట లేదు. పోశెట్టిని అడిగాడు. "లేదు సారూ" అన్నాడు పోశెట్టి. లేని జ్వరం పుట్టించిందని శకుంతలను ఫెయిల్ చేశాడు. ఆ పెద్దమనిషి రోగి ఒంటి మీద చెయ్యి మాత్రం వేయలేదు.

పరీక్ష జరిగేటప్పుడు నన్ను లోపలికి రానివ్వరు. పిల్ల ఏడుస్తూ వచ్చి చెబితే అప్పుడు వెళ్లి చూశాను. ఒళ్లు పెనంలా ఉంది. ఎందుకు దాచావయ్యా అని కేకలేశాను.

"నెల సంది అస్తున్నదమ్మా. చెప్తే పరీక్షకు పండనియ్యరనుకున్న. గా పోరి మన దిక్కుదే కద. నేను ఎప్పటిలెక్క చెప్పకుంటే దానికి మార్కులు రావని భయమైంది" అన్నాడు.

అక్కా, ఆ పిల్లను గట్టెక్కిద్దామనే ఆ మాట అన్నాడు. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. పెద్దసారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన వచ్చి చూసి, పిల్ల చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. మార్కుల మాటెత్తితే, "సంతకాలైపోయాయి బాయీ. ఆరునెలలాగి మళ్లీ రాస్తుంది, ఏం మునిగింది?" అన్నారు.

పోశెట్టికి మందులు మొదలుపెట్టాం. అప్పటికే గుండె కవాటం పాడైపోయింది. కొన్ని వారాలు మంచంలో తీసుకుని, ఒక మధ్యాహ్నం పోయాడు. శకుంతల ఊరికి వెళ్లకుండా రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. "తప్పైంది బిడ్డా. మల్ల పరీక్షకు నిజమే చెప్త" అన్నాడట ఆమెతో. ఆ తర్వాత నాకు కలం పట్టబుద్ధి కాలేదు.

మరిచిపోయేలోగా ఒక మాట. ఎవరైనా ఇటు వస్తుంటే మన చీరాల నేతవి రెండు తెల్లచీరలు పంపు. ఇక్కడివి వేడికి ఒంటికి అంటుకుంటున్నాయి. పచ్చడి మాత్రం వద్దు, పోయినసారి నూనె కారి పుస్తకాలు పాడయ్యాయి.

పోయిన వారం మళ్లీ పరీక్ష జరిగింది. పోశెట్టి మంచం మీద ఇంకో పాత రోగిని పడుకోబెట్టారు. శకుంతల పాసైంది. నిన్న పాలకోవా పేడాలు తీసుకుని ఇంటికి వచ్చి కాళ్లకు దండం పెట్టింది. ఎలా చేశావమ్మా అని అడిగాను.

"ఏం బీమారి అని అడిగిన మేడమ్. చెప్పిండు. గదే చెప్పిన."

"చెయ్యి పట్టుకుని చూశావా?"

"లేదు మేడమ్." తల దించుకుంటుందనుకున్నాను. దించుకోలేదు. "మల్ల ఫెయిలైతే చదివిపియ్యనన్నడు నాయిన. చూస్తే ఏమన్న కనవడ్తదని భయమైంది."

పేడా నోట్లో వేసుకుని బాగుందన్నాను. నువ్వైతే ఏం చెప్పేదానివి అక్కా? ఇవాళ సాయంత్రం కొత్త పిల్లలకు పాఠం మొదలుపెట్టాలి. వార్డు గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను.

బావగారికీ, అత్తగారికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నాకేం ఫరవాలేదు, నిజంగానే బాగున్నాను. పెద్దదానివి, నన్ను దీవించు. శకుంతలను కూడా దీవించు. వచ్చే నెల నుంచి ఆమె రోగులను చూస్తుంది.

నీ చెల్లెలు,
వసు