పన్నెండో పేజీ

తమ్ముడూ,

ఈ కాగితం చదవగానే చించెయ్. ఫోన్ మీ బావ చేతిలోనే ఉంటుంది, అందుకే పక్కింటి టైలరమ్మ చేత పంపుతున్నాను.

ప్రపంచకప్ బోర్డు ఆటకి నువ్వు పంపిన అదనపు పెట్టెల్లో మూడోది ఆదివారం మీ బావ విప్పారు. కొత్త జట్లు, కొత్త కార్డులు. రూల్స్ పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది కదా, ఎప్పటిలాగే నేనే చదివి చెప్పాలి. ఆటలో ఓడితే మీ బావ కోపం నా వీపు మీదే తీరుతుందని నీకెప్పుడూ చెప్పలేదు. అందుకే మొదటి పెట్టె నుంచీ, ఆయన ఓడేలా ఉన్నప్పుడల్లా నేనో రూలు పుట్టిస్తున్నాను.

ఆదివారం మా మరిది ఆఖరి గోలు కొట్టాడు. "ఎర్ర కార్డు పడ్డ జట్టుకి ఆ గోలు చెల్లదు, పన్నెండో పేజీలో ఉంది" అన్నాను.

"అంతా అబద్ధం వదినా!" అని నవ్వాడు.

"నా పెళ్లాం అబద్ధమాడుతుందంటావురా?" అంటూ మీ బావ గెలిచినవాళ్లకని పెట్టెలో వచ్చిన ఇనప కప్పుతో వాడి మొహం మీద కొట్టారు. కింద పడ్డాక కూడా ఆపలేదు. రెండు పళ్లు బోర్డు మీద దొర్లాయి. ఎడమ కన్ను పోయింది. మెట్ల మీంచి జారాడని ఆసుపత్రిలో చెప్పాం.

ఆయన నా తరఫున చెయ్యెత్తడం ఇదే మొదటిసారి.

నిన్న ఆ పుస్తకం మీ బావే పట్టుకెళ్లి, "చూసుకో" అని ఆసుపత్రిలో వాడి మంచం మీద పడేసి వచ్చారు. మరిది మిగిలిన కంటితో, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతున్నాడట. పొద్దుటికి ఏడో పేజీలో ఉన్నాడు.

బయల్దేరి రా.

అక్క