రెండో డికాక్షన్

విజయవాడ,
గురువారం సాయంత్రం.

అక్కకి,

తమ్ముడు ప్రసాదు నమస్కారాలు. నేనిక్కడ క్షేమమే. క్షేమమంటే జ్వరం గిరం ఏమీ లేవు, రెండు పూటలా అన్నం తింటున్నాను. నువ్వెలా ఉన్నావని ఫోన్లో అడిగితే "బాగానే ఉన్నాను" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయలేవు కదా. నీ కళ్ల సంగతి తెలిసి అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. పక్కింటివాళ్ల చేత చదివించుకోకు. నువ్వే మెల్లగా చదువుకో.

నేనిక్కడికి వచ్చి రెండు నెలలు దాటింది. చల్లపల్లిలో ప్రెస్సు మూసేశాక ఈ పనైనా దొరికినందుకు సంతోషించాలి గానీ, సంతోషం రావడం లేదు. ఇక్కడి ప్రెస్సులోనూ అదే పని. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నిటిలో తప్పులు దిద్దడం. మిగతావాళ్లంతా చెవుల్లో ఏవో పెట్టుకుని కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను పలికే మాటలు పదో పన్నెండో ఉంటాయి. ఎండ గురించి చెప్పనక్కర్లేదు. నా గది పై అంతస్తులో, స్లాబు కిందే. మధ్యాహ్నం కుళాయి తిప్పితే వేణ్నీళ్లే వస్తాయి. కాచుకునే పని తప్పిందని మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని అన్నం ఒక్కటే వండుకుంటున్నాను. నా గురించి బెంగపెట్టుకోకు.

అన్నిటికంటే పెద్ద బాధ కాఫీ. వచ్చేటప్పుడు నువ్వు పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చిన ఫిల్టరే వాడుతున్నాను. యాభై దాటినా వంటింట్లో అడుగు పెట్టనివాడి చేతికి ఫిల్టర్ ఇస్తే ఏమవుతుందో అదే అయింది. ఎంత నొక్కితే అంత చిక్కన అనుకుని మొదటి రోజు పొడిని గట్టిగా అణిచాను. గంటన్నరైనా చుక్క దిగలేదు. మర్నాడు వదులుగా వేస్తే పోసిన నీళ్లు పోసినట్టే జారిపోయాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని క్యాన్ నీళ్లు తెప్పించాను. చికోరీ ఎక్కువ వేసిన పొడి, తక్కువ వేసిన పొడి, అసలు వేయని పొడి, మూడూ చూశాను. ప్యాకెట్ పాలు చుక్క నీళ్లు కలపకుండా మరిగించాను. చల్లారిన డికాక్షన్ని మళ్లీ పొయ్యి మీద పెడితే కషాయమైంది. ఏం చేసినా నీ కాఫీ రాలేదు. పోనీ నిన్నడుగుదామంటే నువ్వు ఫోన్లో నిలబడవు.

పక్క వాటాలో సువార్తమ్మ గారని రిటైరైన నర్సు ఉంటారు. మొన్న ఆదివారం చర్చికి వెళ్లబోతూ నా తలుపు కొట్టారు.

"ఏవండీ, రోజూ ఏదో మాడుస్తున్నారు. ఏంటండీ అది?"

కాఫీ అన్నాను. ఆవిడ లోపలికొచ్చి, బైబిలు కుర్చీలో పెట్టి ఫిల్టర్ అందుకున్నారు. పొడి వేసి వేలితో పైపైన సర్దారంతే. తెర్లే నీళ్లు దించి, ఒక్క నిమిషం ఆగి, చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెంగా పోశారు. "తొందరపెట్టకూడదండీ. అది దిగేలోపు ఇంకో పని చూసుకోవాలి. పాలు కూడా ఒక్క పొంగు రానిస్తే చాలు" అన్నారు. అరగంటకి కలిపి ఇచ్చారు. అక్కా, అది నీ కాఫీయే. గుక్క దిగుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఉక్కపోతనుకున్నారేమో, ఆవిడ ఫ్యాను వేశారు.

ఫిల్టర్ కడుగుదామని పొడి పారేయబోతే ఆవిడ అడ్డుపడ్డారు.

"అయ్యో, పారేస్తారేంటండీ? మళ్లీ నీళ్లు పోస్తే రెండో డికాక్షన్ దిగుద్ది గదా."

"అదెవరికండీ?"

"మొదటిది మగవాళ్లకీ, ఇంటికొచ్చినవాళ్లకీ. రెండోది వంటింట్లో ఉండేవాళ్లకి. మా అమ్మా నేనూ అదే తాగేవాళ్లం. మీ ఇంట్లో ఎవరు పెట్టేవారు?"

"మా అక్కండీ."

"అయితే ఆవిడ తాగుంటారు లెండి."

"ఎలా ఉంటుందండీ అది?"

"ఎలా ఉంటదండీ. వేడిగా ఉంటది."

ఆవిడ చర్చికి వెళ్లిపోయారు. నేను అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి, దిగాక పాలు కలిపాను. పాల రంగే మారలేదు. నోట్లో పోసుకోగానే గుర్తుపట్టాను. ఆ రుచి నాకు కొత్త కాదు. ఇదివరకు ఒక్కసారి తాగాను. అది నువ్వు మర్చిపోయి ఉండవు.

నేను బయల్దేరడానికి వారం ముందు. గట్టు మీద రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, చూపు ఆనక, ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చావు. నేను ఒక గుక్క తాగి పెరట్లో పారబోసి, "ఇది మనిషి తాగేదేనా" అన్నాను. "పొరపాటైందిరా" అని నువ్వు లోపలికెళ్లి చిక్కటి కాఫీ తెచ్చిచ్చావు. నేను అది తాగుతూ పేపరు చదువుకున్నాను. పారబోసిన గ్లాసు ఎవరిదని నాకు తట్టనే లేదు. బావ పోయి నువ్వు మన ఇంటికొచ్చిన దగ్గర్నుంచి, ముప్పై ఏళ్లుగా, రోజూ పొద్దున్నే నువ్వు తాగింది అదే. దాన్నే నేను మనిషి తాగేదేనా అన్నాను.

నాకు ఫిల్టర్ ఇస్తూ, "తీసుకెళ్లరా, నేను కాఫీ మానేశాను" అన్నావు. ఎందుకు మానేశావని అడగలేదు. నాతో వచ్చెయ్యమంటే "నేనెందుకురా అక్కడ" అన్నావు. మొండితనం అనుకుని విసుక్కుని బస్సెక్కాను. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్ది బతికేవాణ్ని, నా తప్పు నాకు కనపడటానికి రెండు నెలలు పట్టింది. చాలా సిగ్గుగా ఉంది అక్కా. ఆదివారం నుంచి ఆ రెండోదే తాగుతున్నాను. అలవాటు కావడం లేదు. నీకు మాత్రం ఎలా అయ్యిందో తెలియడం లేదు.

ఈ ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. ఫిల్టర్, పొడి తెస్తున్నాను. నాకోసం ఏమీ వండకు, పాలు మాత్రం కాస్త ఎక్కువ పోయించుకో. కాఫీ నేనే పెడతాను. నువ్వు వంటింట్లో కాదు, ముందు గదిలో కుర్చీలో కూర్చోవాలి. మానేశానంటావు, ఆ ఒక్క పూటకి తాగు. ఇక్కడ మా వీధి చివరే కంటి ఆసుపత్రి ఉంది. శుక్లాలు తీయించుకోవడానికైనా నాతో వస్తావేమో ఆలోచించు. రానంటే ఈసారి విసుక్కోను.

ఇంటిగలవారి మామ్మగారికి నా నమస్కారాలు చెప్పు. చింతకాయ పచ్చడి ఉంటే ఒక చిన్న సీసాలో తీసిపెట్టు, లేకపోతే వద్దు. నా గురించి బెంగపెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను. చూశావా, నేనూ అదే మాట రాస్తున్నాను. ఆదివారం నేనొచ్చినప్పుడు నువ్వు ఆ మాట అనకు. నన్ను తిట్టు.

నిన్ను దీవెన అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా నాకు అడగడానికి ఇంకెవరూ లేరు కాబట్టి, నీ పాదాలకి దణ్ణం పెట్టి అడుగుతున్నాను.

మొదటిది నీకు, రెండోది నాకు.

నీ తమ్ముడు,
ప్రసాదు